రీడర్ ప్రోటీన్ మీద ప్రయోగానికి ఏ ప్రోబ్ తీసుకోవాలి?

బీఆర్‌డీ4 అనే రీడర్ ప్రోటీన్ మీద పని మొదలుపెట్టే ల్యాబ్‌లో మొట్టమొదట ఆర్డర్ అయ్యేది దాదాపు ఎప్పుడూ దాన్ని మూసే జేక్యూ1 అనే అణువు. పేపర్లన్నిట్లో అదే కనిపిస్తుంది, అమ్మే కంపెనీలు బోలెడు, కణాల మీద వేస్తే ఏదో ఒక మార్పు కనబడి తీరుతుంది. ఇబ్బందంతా ఆ చివరి సంగతిలోనే ఉంది. మార్పు కనబడటం వేరు, మనం అడిగిన ప్రశ్నకు జవాబు రావడం వేరు. జేక్యూ1 మంచి ప్రోబే, అందులో అనుమానం లేదు. కాకపోతే 2010లో అది వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. ఇప్పుడు బోలెడు ఉన్నాయి. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు కాబట్టి, ఏది ఎప్పుడు అన్నది తెలిసి కొనాలి. పీహెచ్‌డీ మొదటి రెండేళ్లలో ఉన్నవాళ్లకు, కొత్తగా ఎపిజెనెటిక్స్ వైపు వస్తున్న ల్యాబ్‌లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల తోకల మీద ఎసిటైల్, మిథైల్ లాంటి చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. వాటిని పెట్టే ఎంజైములు రైటర్లు, తీసేసేవి ఎరేజర్లు, గుర్తుపట్టి వచ్చి అతుక్కునేవి రీడర్లు. రీడర్‌లో చదివే భాగాన్ని డొమైన్ అంటారు, దానికి తనంతట ఎంజైమ్ పనేమీ ఉండదు. ఒక పాకెట్ ఉంటుంది, హిస్టోన్ తోకలో గుర్తున్న లైసిన్ అనే అమైనో ఆమ్లం అందులో కూర్చుంటుంది, దాంతో ఆ ప్రోటీన్ తన బృందంతో సహా అక్కడికి చేరుతుంది. ఎసిటైల్ లైసిన్‌ను చదివేవాటిలో పెద్ద కుటుంబం బ్రోమోడొమైన్లది: మనిషిలో 46 ప్రోటీన్లలో 61 ఉన్నాయి. మిథైల్ లైసిన్‌ను చదివేవి రకరకాలు: క్రోమోడొమైన్, ట్యూడర్, ఎంబీటీ, పీడబ్ల్యూడబ్ల్యూపీ, పీహెచ్‌డీ ఫింగర్, ఇంకా కొన్ని.

ప్రోబ్ అంటే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని దాని పనిని ఆపి చూసే చిన్న అణువు, మందు కాదు. మందు నాలుగు టార్గెట్లను తాకినా రోగికి మేలు జరిగితే చాలు. ప్రోబ్ విషయంలో ఆ సర్దుబాటు కుదరదు, ఎందుకంటే దాని పనే "ఈ ప్రోటీన్ ఏం చేస్తోంది" అన్న ప్రశ్నకు జవాబు తేవడం. ఇందుకు స్ట్రక్చరల్ జీనోమిక్స్ కన్సార్షియం పెట్టిన కొలతలనే చాలామంది పాటిస్తారు. శుద్ధి చేసిన ప్రోటీన్ మీద 100 నానోమోలార్ లోపే పనిచేయాలి (అంకె ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి), అదే కుటుంబంలోని మిగతావాటి కంటే కనీసం 30 రెట్లు గట్టిగా పట్టాలి, కణం లోపల 1 మైక్రోమోలార్‌కు అటూ ఇటూగా టార్గెట్‌ను తాకుతున్నట్టు రుజువు ఉండాలి. వీటికి తోడు, చూడటానికి అదే అణువులా ఉండి టార్గెట్‌ను పట్టుకోని ఒక జంట ఉండాలి. క్యాటలాగ్‌లో "ఇన్హిబిటర్" అని రాసి ఉన్నంత మాత్రాన ఇవన్నీ ఉన్నాయని అనుకోవద్దు.

పాకెట్ మూయాలా, ప్రోటీన్‌నే తీసేయాలా?

ఏ ప్రోబ్ అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. దీన్ని తేల్చకుండా కొన్నవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు.

చాలా రీడర్లు పెద్ద పెద్ద ప్రోటీన్లు. వాటిలో చదివే డొమైన్ ఒక మూల ఉంటుంది, మిగతా భాగం వేరే పనులు చేస్తుంటుంది. పాకెట్‌ను మూసే ప్రోబ్ వేస్తే ఆ ఒక్క పనే ఆగుతుంది. జన్యువులను కత్తిరించే సీఆర్‌ఐఎస్‌పీఆర్ (క్రిస్పర్) పద్ధతితో జన్యువును తీసేసినా, డిగ్రేడర్‌తో ప్రోటీన్‌ను నాశనం చేసినా అన్ని పనులూ ఆగుతాయి. ఈ రెండు ఫలితాలూ ఒకటే కావాలని ఎక్కడా లేదు.

దీనికి అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన కేసు ఎస్‌ఎంఏఆర్‌సీఏ2, ఎస్‌ఎంఏఆర్‌సీఏ4లది. ఇవి క్రోమాటిన్‌ను, అంటే హిస్టోన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏను, కదిపే స్విస్నిఫ్ అనే ప్రోటీన్ల యంత్రంలో ఇంజిన్ లాంటి ప్రోటీన్లు. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎస్‌ఎంఏఆర్‌సీఏ4 పాడైపోయి ఉంటుంది. అప్పుడు ఆ కణాలు పూర్తిగా ఎస్‌ఎంఏఆర్‌సీఏ2 మీదే ఆధారపడి బతుకుతాయి. దాన్ని జన్యుపరంగా తీసేస్తే కణం చస్తుంది. ఈ ప్రోటీన్‌కు బ్రోమోడొమైన్ కూడా ఉంది కాబట్టి దాన్ని మూసేస్తే క్యాన్సర్ ఆగుతుందని చాలామంది ఆశించారు. పీఎఫ్ఐ-3 అనే మంచి ప్రోబ్ వచ్చింది, పాకెట్‌ను చక్కగా మూసింది, కణాలు మాత్రం హాయిగా పెరిగాయి. అసలు పని కణానికి ఇంధనమైన ఏటీపీని వాడే డొమైన్‌దని 2015లో తేలింది. ఆ తర్వాత 2019లో అదే బ్రోమోడొమైన్‌ను కేవలం కొక్కెంలా వాడుకుని మొత్తం ప్రోటీన్‌ను నాశనం చేసే ఏసీబీఐ1 వచ్చింది. దానికి కణాలు చచ్చాయి.

కాబట్టి మీ ప్రశ్న "ఈ గుర్తును చదవడం ముఖ్యమా?" అయితే పాకెట్ మూసే ప్రోబ్ కావాలి. "ఈ ప్రోటీన్ ఉండటం ముఖ్యమా?" అయితే డిగ్రేడర్ గానీ జన్యు పద్ధతి గానీ. పీఎఫ్ఐ-3తో ఏమీ జరగలేదని "ఎస్‌ఎంఏఆర్‌సీఏ2 ముఖ్యం కాదు" అని రాస్తే అది శుద్ధ తప్పు.

బెట్ కుటుంబం: ఎంపికలు ఎక్కువ, తికమకా ఎక్కువే

బెట్ కుటుంబంలో బీఆర్‌డీ2, బీఆర్‌డీ3, బీఆర్‌డీ4, బీఆర్‌డీటీ అని నాలుగు ప్రోటీన్లు. ఒక్కోదానికి రెండేసి బ్రోమోడొమైన్లు: బీడీ1, బీడీ2. మొత్తం ఎనిమిది పాకెట్లు.

ఒక పాకెట్‌ను దగ్గరగా చూద్దాం. బీఆర్‌డీ4 బీడీ1 పాకెట్ లోపల 140వ స్థానంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఎసిటైల్ లైసిన్ లోపలికి వచ్చినప్పుడు దాని ఆక్సిజన్ ఈ ఆస్పరజిన్‌తో హైడ్రోజన్ బంధం కడుతుంది. పాకెట్ అట్టడుగున కొన్ని నీటి అణువులు కదలకుండా వరుసగా కూర్చుని ఉంటాయి. బయటి అంచున ట్రిప్టోఫాన్, ప్రోలీన్, ఫినైలాలనిన్ కలిసి చిన్న అరలాంటిది కడతాయి. జేక్యూ1లోని ట్రయజోల్ వలయం ఎసిటైల్ చోటులో దూరి ఆ ఆస్పరజిన్‌ను పట్టుకుంటుంది. ఈ అమరిక ఎనిమిది పాకెట్లలోనూ దాదాపు ఒకటే. అందుకే జేక్యూ1 ఎనిమిదింటినీ పడుతుంది. పేపర్లలో "బీఆర్‌డీ4 ఇన్హిబిటర్ జేక్యూ1" అని రాస్తుంటారు గానీ అది బెట్ ఇన్హిబిటర్. అది బీఆర్‌డీటీని కూడా పడుతుంది కాబట్టే 2012లో మగ ఎలుకల్లో వీర్యం తయారీని తాత్కాలికంగా ఆపగలిగింది. జేక్యూ1తో వచ్చిన ఫలితాన్ని బీఆర్‌డీ4 ఒక్కదానికే అంటగట్టాలంటే పక్కన జన్యుపరమైన రుజువు కావాల్సిందే.

ఇక పోలిక. అన్ని బెట్ పాకెట్లనూ మూసేవాటిలో ముందు వరుసలో జేక్యూ1, ఐ-బెట్762, ఐ-బెట్151, పీఎఫ్ఐ-1 ఉన్నాయి. జేక్యూ1 బీఆర్‌డీ4ను 50 నుంచి 90 నానోమోలార్ మధ్య పడుతుంది. దాని పెద్ద ఆస్తి జంట అణువు: అద్దంలో బొమ్మలా తిరగబడిన మైనస్ జేక్యూ1 బెట్‌ను పట్టుకోదు. అణువు బరువు, కరిగే గుణం, కణంలోకి దూరే తీరు అన్నీ ఒకటే కాబట్టి ఇంతకంటే శుభ్రమైన కంట్రోల్ దొరకదు. ఆర్డర్ పెట్టేటప్పుడు పనిచేసే ప్లస్ రూపమేనా, రెండూ కలిసిన మిశ్రమమా అన్నది లేబుల్ మీద చూసుకోండి.

జేక్యూ1 లోపం జంతు ప్రయోగాల్లో బయటపడుతుంది. ఎలుక ఒంట్లో దాని సగం జీవితకాలం గంట చుట్టుపక్కలే. కణాల ప్లేటులో ఇది సమస్య కాదు, ఎలుకల్లో వారాల తరబడి నడిపే ప్రయోగంలో మాత్రం టెన్షన్ పెడుతుంది. అలాంటి పనికి మందుగా తీర్చిదిద్దిన ఐ-బెట్762 మేలు. దాని పుట్టుక కథ కూడా బాగుంటుంది: కాలేయ కణాల్లో ఏపీఓఏ1 అనే ప్రోటీన్‌ను పెంచే అణువుల కోసం వెతుకుతుంటే జీఎస్‌కే అనే మందుల కంపెనీ వాళ్లకు ఈ వంశం దొరికింది. అది బెట్‌ను పట్టుకుంటోందని తర్వాత తవ్వితే తెలిసింది.

ఇక్కడో చిక్కుంది. ఫలితాన్ని రెండో ప్రోబ్‌తో కూడా చూపించమని రివ్యూయర్లు అడుగుతారు, అడగాలి కూడా. చాలామంది జేక్యూ1 పక్కన ఐ-బెట్762 పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఈ రెండింటి అస్థిపంజరం ఒకటే, డయజెపీన్ వలయానికి ట్రయజోల్ అతికించిన జాతి. ఒకదానికి చాటుగా ఇంకో టార్గెట్ ఉంటే రెండోదానికీ అదే ఉండే అవకాశం ఉంది. జేక్యూ1కు సరైన సాక్షి ఐ-బెట్151 గానీ పీఎఫ్ఐ-1 గానీ. మొదటిదానిలో డైమిథైల్ ఐసాక్సజోల్, రెండోదానిలో క్వినజొలినోన్. రెండూ పాకెట్‌ను పట్టే పద్ధతే వేరు. నన్నడిగితే కణాల ప్రయోగానికి ప్లస్ జేక్యూ1, మైనస్ జేక్యూ1, ఐ-బెట్151 మూడూ ఒకేసారి ఆర్డర్ పెట్టమంటాను.

డోసు దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. కణాల్లో 100 నుంచి 500 నానోమోలార్ చాలు. 5, 10 మైక్రోమోలార్లు పోసిన పేపర్లు కోకొల్లలు. తక్కువ డోసులో క్యాన్సర్‌ను నడిపే మిక్ లాంటి కొన్ని సున్నితమైన జన్యువులే తగ్గుతాయి, డోసు పెంచే కొద్దీ ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే పని) విస్తృతంగా దెబ్బతింటుంది. అప్పుడు మీరు చూస్తున్నది ప్రత్యేక ప్రభావమో, కణం కుప్పకూలడమో చెప్పలేరు. ప్రోబ్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి డోసు పెంచే బదులు హెక్సిమ్1 అనే జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ కొలవండి. బెట్ మూతపడితే అది పెరుగుతుంది. మిక్ తగ్గడం అన్ని రకాల కణాల్లో జరగదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్లేటు వేసేటప్పుడు నా లెక్క ఇలా ఉంటుంది. ఒక వరుస ఉత్త డీఎంఎస్‌ఓ (అణువులను కరిగించే ద్రావకం), ఒక వరుస ప్లస్ జేక్యూ1ను మూడు రెట్ల చొప్పున పలుచన చేస్తూ, దాని కిందనే అవే డోసుల్లో మైనస్ జేక్యూ1, ఆ కింద ఐ-బెట్151. అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్‌ఓ శాతం ఒకటే. ఆర్‌ఎన్‌ఏ మొదటి కొన్ని గంటల్లో ఒకసారి, మర్నాడు ఒకసారి తీయాలి. ముందు తీసినదాంట్లో బెట్ నేరుగా చేసిన పని కనిపిస్తుంది, తర్వాతి దాంట్లో దాని పర్యవసానాలన్నీ కలిసిపోయి ఉంటాయి. మైనస్ జేక్యూ1 వరుసలో కూడా మార్పు వచ్చిందంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

బీడీ1, బీడీ2 వేర్వేరుగా

రెండు పాకెట్లలో ఏది ఏ పని చేస్తోందన్నది మీ ప్రశ్న అయితే జేక్యూ1 ఎంత వాడినా లాభం లేదు. పాకెట్లు ఒకేలా ఉన్నాయన్నాను గానీ అంచుల్లో చిన్న తేడాలున్నాయి. బీఆర్‌డీ4 బీడీ1లో 144వ చోట ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే బీడీ2లో అదే స్థానంలో, 437వ చోట హిస్టిడిన్ ఉంది. 146వ చోట ఐసోల్యూసిన్ ఉంటే అటు 439లో వాలిన్. ఐసోల్యూసిన్, వాలిన్‌లకు మధ్య తేడా ఒక్క కార్బన్. ఇంత సన్నటి తేడాను పట్టుకుని అబ్‌వీ కంపెనీ కెమిస్టులు బీడీ2ను మాత్రమే ఇష్టపడే ఏబీబీవీ-744 చేశారు. జీఎస్‌కే వాళ్లు బీడీ1కు జీఎస్‌కే778, బీడీ2కు జీఎస్‌కే046 చేశారు. ఈ పనులన్నీ 2020లో వెలుగులోకి వచ్చాయి.

ఫలితాలు చూస్తే ఎంపిక తేలికవుతుంది. క్యాన్సర్ కణాల్లో బీడీ1ను ఒక్కదాన్ని మూసినా అన్నీ మూసినప్పుడు వచ్చే ప్రభావమే చాలావరకు వచ్చింది. బీడీ2ను మూస్తే క్యాన్సర్ కణాల మీద ప్రభావం తక్కువ, వాపు, ఆటోఇమ్యూన్ మోడళ్లలో మాత్రం బాగా పనిచేసింది. అప్పటికే నడుస్తున్న జన్యువులను నడుపుతూ ఉండటానికి బీడీ1, కొత్తగా జన్యువులను వెలిగించడానికి రెండూ కావాలన్నది దాని సారాంశం. అయితే ఏబీబీవీ-744 ప్రోస్టేట్ క్యాన్సర్ మోడళ్లలో పనిచేసింది కాబట్టి "బీడీ2 అంటే క్యాన్సర్‌కు సంబంధం లేదు" అని సూత్రం కట్టేయొద్దు.

ఆర్‌వీఎక్స్-208 కూడా బీడీ2 వైపే మొగ్గుతుంది, గుండె జబ్బుల కోసం మూడో దశ ట్రయల్ దాకా వెళ్లింది, 2019లో ఆ ట్రయల్ అసలు లక్ష్యాన్ని అందుకోలేదు. ప్రోబ్‌గా దానికంటే జీఎస్‌కే046 ఎంతో నయం. పాత పేపర్లతో పోల్చుకోవాల్సిన అవసరం ఉంటే తప్ప ఆర్‌వీఎక్స్-208 జోలికి వెళ్లక్కర్లేదు.

డిగ్రేడర్లు: ఎంజెడ్1, డీబెట్1, ఏఆర్‌వీ-825

మూడూ 2015లోనే వచ్చాయి. పద్ధతి ఒకటే: ఒక చివర బెట్‌ను పట్టుకునే ముక్క, ఇంకో చివర కణంలోని ఈ3 లైగేజ్‌ను (పారేయాల్సిన ప్రోటీన్ల మీద యుబిక్విటిన్ అనే గుర్తు వేసే ఎంజైమ్) పట్టుకునే ముక్క, మధ్యలో లింకర్. రెండూ దగ్గరకు రాగానే బెట్ ప్రోటీన్ మీద యుబిక్విటిన్ పడి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కు బలవుతుంది. తేడా ఏ లైగేజ్‌ను పిలుస్తుందన్నదే. డీబెట్1, ఏఆర్‌వీ-825 సెరెబ్లాన్‌ను పిలుస్తాయి, ఎంజెడ్1 వీహెచ్‌ఎల్‌ను.

దీన్ని బట్టే ఎంచుకోవాలి. రక్త కణాల క్యాన్సర్ల మీద, ముఖ్యంగా మైలోమా మీద పనిచేస్తుంటే సెరెబ్లాన్ జాతితో జాగ్రత్త. ఆ చివరి ముక్క థాలిడోమైడ్ వంశానిది, తనంతట తానే ఐకారోస్ ప్రోటీన్లను నాశనం చేయగలదు, మైలోమా కణాలకు అదొక్కటే చావు దెబ్బ. అక్కడ ఎంజెడ్1 తీసుకోవాలి. అదే మీ కణాలు వీహెచ్‌ఎల్ పోగొట్టుకున్న కిడ్నీ క్యాన్సర్‌వి అయితే ఎంజెడ్1 డబ్బు దండగ, డీబెట్1 వైపు వెళ్లాలి.

ఎంజెడ్1కు ఇంకో విశేషం ఉంది. దాని ముందు చివర ఉన్నది జేక్యూ1 ముక్కే, అది నాలుగు బెట్‌లనూ సమానంగా పట్టుకోవాలి. అయినా తక్కువ డోసులో బీఆర్‌డీ4నే ముందు మాయం చేస్తుంది. వీహెచ్‌ఎల్, ఎంజెడ్1, బీఆర్‌డీ4 బీడీ2 మూడూ కలిసి ఉన్న స్ఫటికాన్ని 2017లో డండీ బృందం చూపించాక కారణం అర్థమైంది: రెండు ప్రోటీన్లూ ఒకదానికొకటి కూడా ఒరుసుకుని బంధాన్ని గట్టి చేస్తున్నాయి. బీఆర్‌డీ4 మీదే దృష్టి పెట్టాలనుకునేవాళ్లకు ఇది జేక్యూ1 ఇవ్వలేని సౌకర్యం.

కంట్రోళ్ల విషయంలో ఒక మెలిక ఉంది. ఎంజెడ్1కు జంటగా వాడే సిస్-ఎంజెడ్1 వీహెచ్‌ఎల్‌ను పట్టుకోదు కాబట్టి బెట్‌ను నాశనం చేయదు, కానీ జేక్యూ1 చివర అలాగే ఉంది కాబట్టి పాకెట్‌ను మూస్తుంది. అంటే అది ఖాళీ కంట్రోల్ కాదు, ఒక మోస్తరు ఇన్హిబిటర్. ఎంజెడ్1కు, సిస్-ఎంజెడ్1కు మధ్య తేడా చూపిస్తే ప్రోటీన్ పోవడం వల్ల అదనంగా ఏం జరిగిందో తెలుస్తుంది. ఆ తేడా చిన్నది కాదు. పాకెట్ మూస్తే కొన్ని జన్యువులు తగ్గుతాయి, బెట్ ప్రోటీన్లే పోతే జన్యువులన్నిటి మీదా ట్రాన్స్‌క్రిప్షన్ ముందుకు సాగడం ఆగిపోతుంది. డోసు పెంచితే డిగ్రేడర్ పని తగ్గుతుందన్నది కూడా మర్చిపోవద్దు. బెట్, లైగేజ్ రెండూ వేర్వేరు డిగ్రేడర్ అణువులతో నిండిపోయి మధ్యవర్తిత్వం కుదరదు. అందుకే మొదట ప్రోటీన్ ఎంత మిగిలిందో చూపే వెస్టర్న్ బ్లాట్ మీద విస్తారమైన డోసు శ్రేణి నడపాలి.

బెట్ కాని రీడర్లు

సీబీపీ, పీ300 మీద పనిచేసేవాళ్లు ముందు రీడర్ కావాలా రైటర్ కావాలా చెప్పుకోవాలి, ఆ ప్రోటీన్లలో రెండూ ఉన్నాయి మరి. బ్రోమోడొమైన్‌కు ఎస్‌జీసీ-సీబీపీ30, ఐ-సీబీపీ112 ఉన్నాయి. మొదటిది బీఆర్‌డీ4 కంటే 40 రెట్లే ఎక్కువ ఇష్టం చూపుతుంది కాబట్టి డోసు పెంచితే మీరు తెలియకుండానే బెట్ ప్రయోగం చేస్తున్నట్టు. ఎసిటైల్ గుర్తు పెట్టే పనిని ఆపాలంటే 2017లో వచ్చిన ఏ-485. ఇంకా పసుపులోని కర్కుమిన్‌ను పీ300 ఇన్హిబిటర్‌గా వాడే ల్యాబ్‌లు మన దగ్గర ఉన్నాయి. ఏ పనిముట్టూ లేని రోజుల్లో, 2004 ప్రాంతంలో, బెంగళూరు శాస్త్రవేత్తలు దాన్ని చూపించడం గొప్ప సంగతే. కానీ కర్కుమిన్ కణంలో పదుల టార్గెట్లను తాకుతుంది, అస్సేలనే (కొలిచే పరీక్షలనే) తికమక పెడుతుంది, నీళ్లలో విరిగిపోతుంది. ఏ-485 దొరుకుతున్నప్పుడు దాన్ని రుజువుగా చూపడానికి కారణం లేదు.

బీఆర్‌డీ9కు ఐ-బీఆర్‌డీ9, బీఐ-9564 రెండూ మంచివే, రెండింటినీ వేర్వేరు వెల్స్‌లో పక్కపక్కన వాడండి. సైనోవియల్ సార్కోమా మీదైతే డిగ్రేడర్ కూడా పెట్టాలి, అక్కడ ప్రోటీన్‌ను తీసేస్తే వచ్చే దెబ్బ పాకెట్ మూస్తే రాదు. బీఏజెడ్2కు జీఎస్‌కే2801, బీఏజెడ్2-ఐసీఆర్ అని వేర్వేరు జాతుల రెండు ప్రోబ్‌లు ఉన్నాయి. ల్యుకీమియాలో 2017లో పేరు తెచ్చుకున్న ఈఎన్‌ఎల్ రీడర్‌కు ఎస్‌జీసీ-ఐఎంఎల్‌ఎల్‌టీ ఉంది, అది తోబుట్టువైన ఏఎఫ్9ను కూడా పడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

మిథైల్ రీడర్ల దగ్గర సరుకు తక్కువ. కారణం పాకెట్‌లోనే ఉంది. ట్రైమిథైల్ లైసిన్‌ను పట్టేది రెండు నుంచి నాలుగు అరోమాటిక్ గోడల చిన్న గది, ధనావేశం ఉన్న గుంపు ఉంటేనే దానికి ఇష్టం. ఆవేశం ఉన్న అణువు కణం పొర దాటాలంటే కష్టం. ఎల్‌3ఎంబీటీఎల్3కి నార్త్ కరోలినా బృందం 2013లో చేసిన యూఎన్‌సీ1215 ఉంది, 120 నానోమోలార్, పనిచేయని జంట యూఎన్‌సీ1079. సీబీఎక్స్4, సీబీఎక్స్7 క్రోమోడొమైన్లకు యూఎన్‌సీ3866 ఉంది, పెప్టైడ్ లాంటిది, కణంలోకి అంత సులువుగా పోదు. ఎన్‌ఎస్‌డీ3కి బీఐ-9321. డబ్ల్యూడీఆర్5కి ఓఐసీఆర్-9429, ఇది అసలు ఎంఎల్‌ఎల్ అనే రైటర్ వచ్చి కూర్చునే చోటును మూస్తుంది.

వీటిలో నాకు నచ్చేది ఈఈడీ. హిస్టోన్ హెచ్3 తోకలో 27వ లైసిన్ మీది మూడు మిథైళ్లను చదివి, పక్కనున్న ఈజెడ్‌హెచ్2 అనే రైటర్‌ను ఇంకా రాయమని ఎగదోసే ప్రోటీన్ ఇది. 2017లో నోవార్టిస్ నుంచి ఈఈడీ226, అబ్‌వీ నుంచి ఏ-395 వేర్వేరు రసాయన జాతుల్లో వచ్చాయి, ఏ-395కు పనిచేయని జంట కూడా ఉంది. ఈజెడ్‌హెచ్2 ఎంజైమ్‌ను నేరుగా ఆపే టాజెమెటోస్టాట్‌ను 2020లో అమెరికాలో మందుగా కూడా ఆమోదించారు. కాబట్టి రీడర్‌ను మూయడం, రైటర్‌ను ఆపడం పక్కపక్కన పెట్టి చూడగలిగే చోటు ఇది. ఈజెడ్‌హెచ్2 ఇన్హిబిటర్‌కు లొంగని కణాలు కొన్ని ఈఈడీ ప్రోబ్‌కు లొంగుతాయి. మిథైల్ రీడర్లతో కొత్తగా మొదలుపెట్టే విద్యార్థికి నేను చెప్పే మొదటి పేరు ఇదే.

ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కెమికల్ ప్రోబ్స్ పోర్టల్‌లో నిపుణులు ఒక్కో ప్రోబ్‌కు స్టార్లు ఇచ్చి, ఎంత డోసు దాటొద్దో రాస్తారు, ఆర్డర్‌కు ముందు అది చూడటం ఐదు నిమిషాల పని. బోరింగర్ ఇంగెల్‌హైమ్ వాళ్ల ఓపెన్‌మీ పోర్టల్‌లో బీఐ ప్రోబ్‌లు, వాటి జంటలు పరిశోధకులకు ఉచితంగా దొరుకుతాయి. గ్రాంటు ఇంకా రాని ల్యాబ్‌కు అది పెద్ద ఊరట. ఎందుకింత చెబుతున్నానంటే, 2023లో ఎనిమిది ప్రోబ్‌ల మీద 662 పేపర్లను జల్లెడ పట్టిన ఒక సమీక్షలో సరైన డోసు, పనిచేయని జంట, రెండో ప్రోబ్ మూడూ వాడినవి 4 శాతమే తేలాయి. మిగతా 96 శాతంలో ఎన్ని ఫలితాలు నిలబడతాయో ఎవరికి తెలుసు?

ప్రోబ్ లేకపోతే?

మీ రీడర్‌కు ప్రోబ్ లేదనుకోండి, అప్పుడు మూడు దారులు. ఉన్న బలహీనమైన అణువుతో సర్దుకోవడం, కొత్తది తయారు చేయడం, లేదా రసాయనాన్ని వదిలి జన్యు పద్ధతికి వెళ్లడం.

మొదటిది వద్దు. 53బీపీ1 ట్యూడర్ డొమైన్‌కు దొరికిన యూఎన్‌సీ2170 మంచి ఉదాహరణ: 20 మైక్రోమోలార్ చుట్టుపక్కల పట్టే తొలి ముక్క. దాన్ని చేసినవాళ్లు కూడా ఆరంభం అనే అన్నారు. అలాంటిదాన్ని కణాల మీద పోసి జీవశాస్త్రం చెప్పకూడదు.

తయారు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది పాకెట్‌ను బట్టి ఉంటుంది. బ్రోమోడొమైన్ లాంటి లోతైన పాకెట్‌కు ఫ్రాగ్మెంట్ పద్ధతి బాగా సరిపోతుంది. ఇంగ్లండ్‌లో డైమండ్ సింక్రోట్రాన్ దగ్గరి ఎక్స్‌కెమ్‌లో వందల ముక్కలను స్ఫటికాల్లో నానబెట్టి ఏది కూర్చుందో నేరుగా చూస్తారు. మిథైల్ రీడర్ల లాంటి పొడవాటి గాడికి హిస్టోన్ పెప్టైడ్‌ను అనుకరిస్తూ మొదలుపెట్టడమే నయం, యూఎన్‌సీ3866 అలాగే పుట్టింది. ఏ ప్రోటీనో తెలియకుండా కణ ప్రభావంతో మొదలుపెట్టే దారీ ఉందని ఐ-బెట్762 చూపించింది గానీ, టార్గెట్ వెతికే ప్రోటియోమిక్స్ బలం లేని ల్యాబ్ ఆ సాహసం చేయకపోవడం మంచిది.

అస్సే విషయంలో బ్రోమోడొమైన్లకు ఓ వింత లక్షణం ఉంది. అందరూ అణువులను కరిగించే డీఎంఎస్‌ఓ, ఎన్-మిథైల్ పైరోలిడోన్ తామే ఎసిటైల్ లైసిన్‌లా ఆ పాకెట్‌లో కూర్చుంటాయి. ద్రావకం ఎక్కువైతే బలహీనమైన హిట్లు (పాకెట్‌ను పట్టిన అణువులు) కనబడకుండా పోతాయి. బంధాన్ని కాంతితో కొలిచే ఆల్ఫాస్క్రీన్ అస్సేలో వచ్చిన హిట్లలో సింగ్లెట్ ఆక్సిజన్‌ను మింగేసే దొంగ హిట్లూ ఉంటాయి కాబట్టి, వేడి కొలిచే ఐటీసీతోనో థర్మల్ షిఫ్ట్‌తోనో ఖాయం చేసుకోవాలి. ఇవన్నీ శుద్ధి చేసిన ప్రోటీన్ మీద. కణం లోపల తాకుతోందని చూపడానికి కాంతి మార్పుతో పట్టును కొలిచే నానోబ్రెట్ గానీ, మెరిసే ప్రోటీన్ ఎంత వేగంగా తిరిగి చేరుతుందో చూసే ఫ్రాప్ గానీ కావాలి. కణం చచ్చిందన్నది ఇందుకు రుజువు కాదు. పనిచేయని జంటను కూడా చివర్లో గుర్తొచ్చి చేయడం కాకుండా, అణువును మెరుగుపరుస్తూ ఏ మార్పుతో పట్టు పోయిందో చూసుకుని అప్పుడే పక్కన దాచాలి.

ఇది ఒక్క కెమిస్ట్రీ ల్యాబో ఒక్క బయాలజీ ల్యాబో చేసే పని కాదు. హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణ జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ పక్కపక్కనే ఉన్నాయి. అణువు చేసేవాళ్లు, ప్రోటీన్ చేసేవాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు నడిచి వెళ్లగలిగే దూరం ఈ పనికి ఎంతో కలిసొస్తుంది. అలాంటి జోడీ లేకుండా గ్రాంటులో "ప్రోబ్ తయారు చేస్తాం" అని రాయొద్దు.

జోడీ కుదరలేదా, పాకెట్ మరీ చదునుగా ఉందా, అప్పుడు మూడో దారే తెలివైనది. మీ రీడర్ ప్రోటీన్‌కు సీఆర్‌ఐఎస్‌పీఆర్‌తో ఎఫ్‌కేబీపీ12 అనే చిన్న ప్రోటీన్ మార్పు రూపాన్ని తోకలా తగిలించి, ఆ తోకను పట్టుకునే డిగ్రేడర్ డీటాగ్-13 వేస్తే కొద్ది గంటల్లో ప్రోటీన్ మాయమవుతుంది. బీఆర్‌డీ4 లాంటి ప్రాణాధారమైన ప్రోటీన్ల జన్యువును శాశ్వతంగా తీసేస్తే కణాలే మిగలవు కాబట్టి ఈ పద్ధతి ఇంకా అక్కరకొస్తుంది. దాని పక్కన, చదివే ఆస్పరజిన్‌నో అరోమాటిక్ గోడనో మార్చిన రూపాన్ని తిరిగి కణంలో పెట్టండి. ఆ రూపం కణాన్ని కాపాడితే మీ రీడర్‌లో చదివే పని అంత ముఖ్యం కాదన్నమాట, పాకెట్‌కు ప్రోబ్ చేయాల్సిన ఖర్చు తప్పింది. కాపాడలేకపోతే అప్పుడు కెమిస్ట్‌కు ఫోన్ చేయండి.